చిన్న చిల్లులకి నొప్పేమిటి?

పొట్టకు చిన్న చిన్న చిల్లులు పెట్టి, వాటిలోంచే పేగు ముక్క కోసి తీసే ఆపరేషన్ మానవజాతికి దొరికిన వరం! రోగికని ఎవరన్నారు? చూడ్డానికి వచ్చేవాళ్లకు!

ఆలోచించండి. వెనకటికి పొట్ట నిలువునా కోసేవారు. ఆ కోత చూసినవాడు కనీసం "అయ్యో" అనాలి. ముఖం దిగాలుగా పెట్టుకుని మంచం పక్కన కూర్చోవాలి. ఎంత శ్రమ! ఇప్పుడు నాలుగు ప్లాస్టర్లు చూసి, "ఇంతేనా?" అని ఫోన్ తీసుకోవచ్చు. సమాజానికి ఎంత జాలి ఆదా!

నా ఆపరేషన్‌కి ముందురోజే మత్తు డాక్టరమ్మ నా ఎదుట నొప్పి మందుల మెనూ పరిచింది. వెన్నులో ఇంజెక్షనా? పొట్ట కండరాలను మొద్దుబార్చే ఇంజెక్షనా? మాత్రలా? నొక్కగానే నరంలోకి మందు దిగే బటనా? మా ఇంటి గోడలకు రంగు వేసేటప్పుడు కూడా నన్నెవరూ ఇన్ని అడగలేదు. నేను నోరు తెరిచేలోపే బావమరిది అందుకున్నాడు.

"నాలుగు చిల్లులకి ఇంత హంగామా ఎందుకు బావా? మాత్ర చాలదూ?"

పౌరుషం పొడుచుకొచ్చింది. "మాత్ర మాత్రం ఎందుకు!" అన్నాను. డాక్టరమ్మ వినిపించుకోకుండా బటనే రాసుకుంది.

ఆపరేషన్ అయింది. నడిస్తేనే పేగులు కదులుతాయట. అవి కదిలితేనే తిండి, తిండి ఇమిడితేనే ఇల్లు. దగ్గితేనే పొట్టలో కొడవలి తిరుగుతోంది, ఇక నడవడమా! బటన్ చేతిలోనే ఉంది. కానీ ఎదురుగా బావమరిది ఉన్నాడు. ఎలా నొక్కను?

"సున్నా నుంచి పదిలో నొప్పి ఎంతుంది?" అంది నర్సు.

"రెండు."

ఆమె నా గుప్పిట్లో నలుగుతున్న దుప్పటి వంక చూసింది. "మీరు కాస్త బయట కూర్చోండి సార్" అని బావమరిదిని పంపి, తలుపేసింది. "ఇప్పుడు చెప్పండి."

"ఎనిమిది."

"మరి ఇందాక రెండన్నారేం?"

నాకెంత నొప్పిగా ఉందో ఎదుటివాళ్ల ముఖం చూసి చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ముందు నొక్కండి. చిల్లు బయటే చిన్నది, లోపల కోత కోతే."

నొక్కాను. కాసేపటికి కొడవలి మొద్దుబారింది. మా ఆవిడ భుజం పట్టుకుని వరండా చివరిదాకా నడిచాను! లోపల పేగు గుర్రుమంది. ఆ మోత విని కళ్లు చెమర్చాయంటే నమ్ముతారా?

ఎదురొచ్చిన బావమరిది నన్ను ఎగాదిగా చూశాడు.

"చూశావా అక్కా! నొప్పీ గిప్పీ ఏమీ లేదని నేను ముందే చెప్పలేదూ?"

డాక్టరమ్మా, మళ్లీ ఎప్పుడైనా నన్ను కోయాల్సి వస్తే, దయచేసి జానెడు పొడుగున కోయండి. నొప్పికి మీ దగ్గర మందులు బోలెడున్నాయి. చుట్టాలకే ఏదీ లేదు!