లేయమ్మ పేరుకు అర్థం

శనివారం ఉదయం యేసురాజు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఉప్మా తిని, స్కూటరు మీద తిరుమలగిరి నుంచి బన్సీలాల్‌పేట్ వెళ్ళి, ప్రెస్సులో కార్డులు తీసుకొని, భోజనం వేళకు ఇల్లు చేరడం. రైల్వేలో రిజర్వేషన్ క్లర్కుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషికి ఇంతకంటే తేలికైన పని ఉండదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన లక్షలాది మంది పేర్లు రాశాడు. ఒక్క పేరు తప్పు పడిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ మాట ఆయన వీలున్నప్పుడల్లా చెబుతుంటాడు.

ఇప్పుడాయన సంఘానికి కార్యదర్శి. చర్చి తొంభయ్యో వార్షికోత్సవానికి ఏదైనా జ్ఞాపిక ఇద్దామని పాస్టరు అయ్యగారు అన్నప్పుడు, ప్రతి సభ్యుడికీ తన పేరుకు అర్థం అచ్చువేసిన కార్డు ఇద్దామని యేసురాజే సూచించాడు. నాలుగు నెలలు హీబ్రూ, గ్రీకు, లాటిన్ నిఘంటువులు ముందేసుకొని కూర్చున్నాడు. మొత్తం అరవై నాలుగు పేర్లు. యోనా అంటే పావురం, తామారు అంటే ఖర్జూర చెట్టు, దెబోరా అంటే తేనెటీగ. కొత్త అర్థం దొరికిన ప్రతిసారీ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి భార్యకు చెప్పేవాడు.

"రోసమ్మా, నీ పేరు సగం లాటిన్, సగం తెలుగు. నా పేరు సగం హీబ్రూ, సగం సంస్కృతం. మనింట్లో నాలుగు ప్రాచీన భాషలు కాపురం చేస్తున్నాయి, తెలుసా?"

"చేస్తే చేశాయి. ఒక్కదానికీ గ్యాసు బుక్ చేయడం రాదు," అంది రోసమ్మ.

ఆమె జాబితా అంతా చదివి ఒక్క చోట మాత్రం ఆగింది. లేయమ్మ పేరు దగ్గర.

"అలసట అని రాశారేంటండీ? ఆ మనిషికి ఇది ఎలా ఇస్తారు?"

"ఇంకో నిఘంటువులో అడవి ఆవు అని ఉంది. అది రాయమంటావా?"

"ఏదైనా మంచి మాట రాయొచ్చుగా!"

"అర్థాలు నేను పుట్టించానా? మూడు వేల ఏళ్ళ నాటి భాష. అందులో ఉన్నదే రాయాలి."

రోసమ్మ భయానికి కారణం ఉంది. లేయమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. సంఘం విందులన్నింటికీ వంట ఆమెదే. ఆమె కూర్చొని ఉండగా చూసినవాళ్ళు లేరు. ప్రసంగం సాగుతున్నంతసేపూ వెనక గోడ దగ్గర నిలబడే వింటుంది. తను కూర్చోదు సరే, స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చిన కోడలు గ్రేసీని కూడా కూర్చోనివ్వదని అందరికీ తెలుసు. అలాంటి మనిషి చేతిలో అలసట అని రాసిన కార్డు పెట్టాలి.

ప్రెస్సు యజమాని తిరుమల్ కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి సిద్ధంగా ఉంచాడు. అక్షర దోషాలు యేసురాజు అంతకుముందే రెండుసార్లు దిద్ది వెళ్ళాడు కనుక ఇక విప్పి చూడలేదు. పై కార్డు మీద పేరు వరకే చూశాడు. అక్షరాలు ముద్దుగా ఉన్నాయి. భోజనం వేళకు ఇంట్లో ఉన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు మొదటి కార్డు వేదిక మీద తానే చదివి ఇస్తానన్నారు. సంఘ పెద్ద అబ్రహాంను ముందుకు పిలిచారు. అబ్రహాం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వచ్చి, కొంచెం తల వంచి నిలబడ్డాడు.

"మన పెద్దలు అబ్రహాం గారి పేరుకు అర్థం..." అయ్యగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మడమ పట్టుకొని లాగేవాడు."

రెండేళ్ళ కిందట పాత కోశాధికారిని పదవి నుంచి దింపింది ఎవరో ఆ హాల్లో అందరికీ తెలుసు. వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు పక్కవాళ్ళకు అంటుకుంది.

అయ్యగారు తప్పు చదివారనే యేసురాజు మొదట అనుకున్నాడు. ఈలోగా మిగిలిన కార్డులు వరుసల వెంట చేతులు మారుతున్నాయి. మీసాలు మెలితిప్పి కూర్చునే రిటైర్డు హవల్దారు ఐజాక్ తన కార్డు చదువుకొని, పక్కవాడికి కనపడకుండా జేబులో పెట్టుకున్నాడు. పక్కవాడు అప్పటికే చదివేశాడు. "ఆడగొర్రె" అన్న మాట ఆ వరుస చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

రోసమ్మ లేచి భర్త దగ్గరకు వచ్చి తన కార్డు చూపించింది. దాని మీద "గుర్రాలను ప్రేమించేవాడు" అని ఉంది.

"ఇన్నేళ్ళూ నాకే తెలియలేదండీ," అంది.

అది ఆటో నడిపే ఫిలిప్ పేరుకు అర్థం. యేసురాజు బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడి ప్రెస్సుకు ఫోన్ చేశాడు.

"తిరుమల్, నా జాబితాను ఏం చేశావయ్యా?"

"ఏం జేయలే సార్. మీరు పేర్లు రిజిస్టరు లెక్కన ఇచ్చిన్రు గద. పంచుడు ఆసాన్ అయితదని నేనే అ ఆ ఇ ఈ వరుసల పెట్టిన."

"పేర్లను వరుసలో పెట్టావు. మరి అర్థాలను?"

"అర్థాలను ముట్టనే లేదు సార్! మీరు గంత కష్టపడి రాసిన్రు, నేనెట్ల ముడ్త?"

యేసురాజు లోపలికి పరుగెత్తి మైకు అందుకునేలోగా భోజనాల గంట కొట్టారు. జనం కార్డులు పట్టుకొని బిర్యానీ వైపు వెళ్ళిపోయారు. అబ్రహాం మాత్రం వెళ్ళలేదు.

"కంప్యూటరు పొరపాటండీ," అన్నాడు యేసురాజు.

"అరవై నాలుగు అర్థాలున్నాయి. కంప్యూటరుకు నా మడమే దొరికిందా? బుధవారం కమిటీ పెడుతున్నాను. కార్యదర్శిని మార్చాలని తీర్మానం నేనే ప్రవేశపెడతాను."

అయ్యగారు యేసురాజు భుజం మీద చెయ్యి వేశారు. "బ్రదర్, బుధవారం లోపల సరైన కార్డులు వేయించి మీరే ఇంటింటికీ తీసుకెళ్ళండి. తప్పు కార్డులు వెనక్కి తెచ్చెయ్యండి. సత్యం తెలిస్తే అందరూ శాంతిస్తారు."

సోమవారం మధ్యాహ్నానికి తిరుమల్ కొత్త కార్డులు వేసిచ్చాడు. ఈసారి యేసురాజు స్టూలు మీద కూర్చొని ప్రతి కార్డూ చేత్తో పట్టుకొని చదివాడు. అక్కడి నుంచి నేరుగా అబ్రహాం ఇంటికి వెళ్ళాడు.

"అయ్యా, ఇది అసలైనది. చూడండి ఎంత గొప్పగా ఉందో!"

అబ్రహాం కార్డు తీసుకొని గట్టిగా చదివాడు. "జనసమూహాలకు తండ్రి." చదివి, కార్డును బల్ల మీద బోర్లా పెట్టాడు. ఆయనకు పెళ్ళి కాలేదు. ఆ సంగతి యేసురాజుకు సరిగ్గా ఆ క్షణంలో గుర్తొచ్చింది.

"అరవై ఆరేళ్ళ బ్రహ్మచారిని పట్టుకొని జనసమూహాలకు తండ్రి అంటారా? నిన్న నా నడవడిక మీద మాట్లాడారు. ఇవాళ శీలం మీదకే వచ్చారన్నమాట!"

"అది ఆదికాండంలోనే ఉందండీ..."

"ఆదికాండంలోని అబ్రహాంకు భార్యలున్నారు. నాకెవరున్నారు? దయచేయండి." పాత కార్డును యేసురాజు చేతిలో పెట్టేశాడు.

ఐజాక్ ఇంట్లో ఇంకా తొందరగా తేలిపోయింది. ఆయన వాకిట్లోనే నిలబడి కొత్త కార్డు చదివాడు.

"ఏందన్నా గిది? నవ్వా? ముప్పై ఏండ్లు ఆర్మీల జేసిన. నన్ను చూసి ఎవ్వడన్న నవ్విండా ఇప్పటిదాంక?"

"మిమ్మల్ని చూసి నవ్వడం కాదు ఐజాక్ గారూ, ఆ పేరుకు అర్థం అది. ముసలితనంలో కొడుకు పుడతాడంటే శారా నవ్వింది కదా, అందుకని..."

"ఏ శారా?" అన్నాడు ఐజాక్ గొంతు పెంచి. పక్కింటి కిటికీ తెరుచుకుంది. "వద్దన్నా. దీనికన్న గొర్రె నయం. ఒక్కపారి నవ్విన్రు, అయిపోయింది. ఇది ఇస్తే రోజూ నవ్వుతరు." కొత్త కార్డు తిరిగి ఇచ్చేసి పాతది తన దగ్గరే ఉంచుకున్నాడు.

మంగళవారం సాయంత్రానికి ఇరవై ఇళ్ళు తిరిగాడు. తప్పు అర్థాన్ని చూసి నొచ్చుకున్నవాళ్ళు అసలు అర్థం చూసి మరింత నొచ్చుకున్నారు. తప్పు అర్థం నచ్చినవాళ్ళు తలుపు సగమే తీశారు. అబ్రహాం కార్డు తప్ప ఒక్కటీ వెనక్కి రాలేదు. నాలుగు నెలల చదువంతా సంచిలో పెట్టుకొని, మూడు వేల ఏళ్ళుగా నిలిచిన మాటను ఇరవై ఇళ్ళలో ఒక్కరూ ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆలోచిస్తూ, ఆయన స్కూటరును చాలా నెమ్మదిగా నడిపాడు. లేయమ్మ ఇల్లు చివరికి వదిలిపెట్టుకున్నాడు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళవి రెండు కార్డులున్నాయి. కోడలి అర్థం అత్తకు, అత్త అర్థం కోడలికి పడ్డాయి.

బన్సీలాల్‌పేట్‌లో మెట్లబావి దాటాక రెండో సందులో ఆ ఇల్లు. గేటు తీయగానే యేసురాజు ఆగిపోయాడు. కుళాయి దగ్గర లేయమ్మ కొడుకు ఇవాన్ ప్యాంటు పైకి మడిచి గిన్నెలు తోముతున్నాడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో లేయమ్మ కూర్చొని ఉంది.

"వందనాలు అక్కా."

"వందనాలు తమ్మీ. జెర మెల్లగ మాట్లాడు. కోడలు పండుకున్నది."

సాయంత్రం అయిదున్నర. యేసురాజు గోడ పక్కన ఉన్న స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"ఆదివారం ఇచ్చిన కార్డుల్లో తప్పు దొర్లింది అక్కా. మీదీ గ్రేసీదీ తారుమారయ్యాయి."

"నాకు ఎర్కనే."

"ఎలా తెలుసు?"

"ఏడో తరగతిల మా హాస్టల్ టీచరమ్మ చెప్పింది, లేయ అంటే అలసట అని. ఆమె మంచికే చెప్పింది పాపం. ఇగ ఆ రోజు సంది నేను జెర కూసుంటే చాలు, పోరీలందరు చప్పట్లు గొట్టుడు. లేయమ్మ అలిసిపోయింది, లేయమ్మ అలిసిపోయింది అని. గందుకే కూసునుడే బంద్ వెట్టిన. యాభై ఏండ్ల మీదనే అయింది."

ఇవాన్ గిన్నె జారవిడిచాడు. లోపల నిద్రపోతున్న మనిషి కదిలిన చప్పుడైంది. లేయమ్మ కొడుకు వైపు ఒక చూపు చూసింది. వాడు గిన్నెను చప్పుడు కాకుండా బోర్లించాడు.

"మరి ఆదివారమే చెప్పలేదేం అక్కా?"

"నా కార్డు మీద కృప అని ఉండె. తప్పు వడ్డదని అప్పుడే సమజైంది. జెర సేపు ఉండనీ అనుకున్న. మంచిగనిపించింది తమ్మీ, అబద్ధమెందుకు?" ఆమె చీర కొంగు సర్దుకుంది. "ఇగ పక్కకు తిరిగి చూస్తే, నా పేరు ఆ పిల్ల చేతిల ఉన్నది. ఎవలన్న చూస్తరేమో అని బొటనవేలుతోని అక్షరాలు మూస్తున్నది. నేను సుత చిన్నప్పుడు నోటుబుక్కు మీద నా పేరు గట్లనే మూసేదాన్ని."

యేసురాజు సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఇంటికొచ్చినంక నేనే ఛాయ్ వెట్టి ఇచ్చిన. గ్రేసీ పరేషాన్ అయింది. ఏమైంది అత్తమ్మా, పాణం మంచిగ లేదా, దవాఖానకు పోదామా అన్నది. ఆరేండ్లల్ల నేను ఛాయ్ ఇచ్చుడు గదే మొదలు మరి."

ఆయన సంచిలోంచి రెండు కొత్త కార్డులు తీశాడు. లేయమ్మ తనదాన్ని అందుకొని, చేయి చాచి దూరంగా పట్టుకొని చదివింది. మొహంలో బాధేమీ కనిపించలేదు. ఎప్పటినుంచో తెలిసిన మనిషిని చూసినట్టు చూసింది.

"ఇది నాది. నా తాన్నే ఉండనీ. ఆ కృపను మాత్రం వాపస్ తీస్కపో. కోడలికి చూపియ్యకు."

"అది ఆమె పేరుకు అసలు అర్థం కదక్కా."

"అయితే ఏంది? కృప అని రాసిస్తే రేపటి సంది మళ్ళ ఇంటోళ్ళందరం ఆమె మీదనే వడ్తం. అలసట అనే ఉండనీ. జెర పండుకుంటది."

"మరి మీ దగ్గర రెండు అర్థాలుంటాయి."

"ఉండనీ. ఒకటి మా నాయిన పెట్టింది, ఒకటి నువ్వు పెట్టింది."

"నేను కాదక్కా, ప్రెస్సు తిరుమల్."

"ఎవలైతేంది," అంది లేయమ్మ. ఇంకా కుర్చీలోంచి లేవలేదు. "ఇవాన్, మామకు ఛాయ్ పెట్టు బిడ్డా. చక్కెర తక్కువెయ్యి."

ఆ ఛాయ్ బాగా లేదు. యేసురాజు మొత్తం తాగాడు.

ఇంటికి వచ్చాక రోసమ్మ అడిగింది, "లేయమ్మ ఏమంది?" ఆయన చాలాసేపు చెప్పాడు. ఆ తరువాత ఆయన నిఘంటువు తీసి, లేయ అన్న మాట ఎదుట పెన్సిలుతో ఏదో రాయబోయి, ఏం రాయాలో తోచక మూసేశాడు.

బుధవారం కమిటీలో అబ్రహాం తీర్మానం చదివి, సాక్ష్యంగా తప్పు కార్డులన్నీ బల్ల మీద పెట్టమన్నాడు. ఎవరూ కదలలేదు. ఐజాక్ తన జేబును చేత్తో కప్పుకున్నాడు. చివరికి యేసురాజు తన దగ్గరకు తిరిగి వచ్చిన ఒకే ఒక కార్డు తీసి బల్ల మధ్యలో పెట్టాడు. అది అబ్రహాంది, మడమ కార్డు. కమిటీ సభ్యులు పదకొండు మందీ ముందుకు వంగి దాన్ని మరోసారి చదివారు, తరువాత తల ఎత్తి, కార్యదర్శిని దింపాలంటున్న మనిషి వైపు చూశారు. అబ్రహాం కార్డు తీసుకొని జేబులో వేసుకొని, తీర్మానం ఉపసంహరించుకుంటున్నానన్నాడు.

మినిట్సు ఎప్పటిలాగే యేసురాజే రాశాడు: వచ్చే ఏడాది జ్ఞాపికగా స్టీలు డబ్బాలు ఇవ్వాలనీ, వాటి మీద ఎవరి పేరూ కొట్టించరాదనీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.