రికార్డు ప్రకారం జుట్టు

మనిషి ముఖం ఎలా ఉండాలో తేల్చే అధికారం ఆ మనిషిది కాదు, ఆయన పనిచేసే కార్యాలయానిది. ఈ సంగతి కేకులక్కయ్యకు నలభై ఏళ్ళొచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

కేకుల మీద నిలబెట్టే ఫాండెంట్ బొమ్మలు చేయడంలో ఆమెది అందెవేసిన చేయి. చక్కెర ముద్దను మెత్తగా పిసికి, చేతికి అంటకుండా పిండి అద్దుకుని కూర్చుందంటే బొమ్మకు ప్రాణం రావడం ఒక్కటే తక్కువ. ఆ వారం లైసెన్సుల కార్యాలయం నుంచి కబురొచ్చింది. రికార్డుల గదిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసిన గుమాస్తా శుక్రవారం పదవీ విరమణ చేస్తున్నారు. కేకు మీద ఆయన బొమ్మ ఉండాలి.

ఆమె ఎగిరి గంతేసింది. తన దుకాణం ఫైలు గల్లంతై షట్టరు దించేయాల్సి వచ్చినప్పుడు, రెండు రోజులు దుమ్ములో తుమ్ముతూ వెతికి తెచ్చి చేతిలో పెట్టింది ఆ గుమాస్తా బాబాయిగారే. (పోయిన ఫైలు పై అధికారుల అనుమతి లేకుండా దొరికినందుకు ఆయనకు మెమో ఇచ్చారు.)

అందుకే మనసు పెట్టి చేసింది. నున్నటి బట్టతల, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, చెవి మీద పెన్ను, తుమ్మి తుమ్మి ఎర్రబడ్డ ముక్కు. మెడ వాలకుండా లోపల సన్నటి పుల్ల గుచ్చి, రెండు రోజులు ఆరబెట్టి, బుధవారం ఆకార నిర్ధారణ ఉపసంఘం ముందు పెట్టింది.

సూపరింటెండెంటు సర్వీసు రిజిస్టరు తెరిచి, అందులోని ఫొటో పక్కన బొమ్మను నిలబెట్టాడు.

"జుట్టేదమ్మా?"

"బాబాయిగారికి జుట్టు లేదు కదండీ."

"రికార్డులో ఉందిగా?"

ఉద్యోగంలో చేరిన రోజు ఫొటో అది. ఒత్తయిన క్రాపు, కోరమీసం.

"పక్క గదిలోనే ఉన్నారు, ఒక్కసారి పిలిచి చూడండి."

"మనిషిని చూసి నిర్ణయిస్తే పక్షపాతం అంటారమ్మా."

జుట్టు ఊడినట్టు బాబాయిగారు దరఖాస్తు పెట్టుకోలేదట. (ఊడిన ముప్ఫై రోజుల్లోగా, సదరు వెంట్రుకలను జతపరిచి పెట్టుకోవాలి.)

కేకులక్కయ్య ఉసూరుమంటూ ఇంటికొచ్చి మళ్ళీ ముద్ద పిసికింది. నల్లటి ముద్దను జల్లెడలోంచి నొక్కి వెంట్రుకలు తీసింది, మీసం తిప్పింది. అత్తగారు తొంగిచూసి, "ఎవరే ఈ పెళ్ళికొడుకు?" అంది.

"రిటైరవుతున్నాడత్తయ్యా."

శుక్రవారం మూడు సంతకాలు, ఒక ముద్రతో క్రాపు బొమ్మ కేకెక్కింది. బట్టతల బొమ్మను ఆమె చిన్న డబ్బాలో పెట్టి తెచ్చి, రికార్డుల గదిలో బాబాయిగారి చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"ముక్కు కూడా ఎర్రగా పెట్టావే పిల్లా!" అన్నారు. బొమ్మను జాగ్రత్తగా డబ్బాలో పెట్టి మూత వేశారు.

ఇద్దరూ హాల్లోకి వచ్చేసరికి సూపరింటెండెంటు విరమణ ఉత్తర్వు పట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి కేకు మీది బొమ్మను చూశాడు, ఒకసారి బాబాయిగారిని చూశాడు. ఆమోదించిన ఆకారంతో సరిపోలిన వ్యక్తికే ఉత్తర్వు ఇవ్వాలని నిబంధన.

"పోలిక కుదరడం లేదండీ."

"అదేమిటయ్యా! పొద్దున నీ పక్కనే కూర్చుని టీ తాగాను!"

"తాగినట్టు నాకూ గుర్తుందండీ. గుర్తుండటం వేరు, రుజువు వేరు."

"మరి ఆ బొమ్మ ఎవరండీ?" కేకులక్కయ్య ఉండబట్టలేక అడిగింది.

"ఈయనేనమ్మా. సంతకాలు కూడా అయ్యాయి."

సాయంత్రం ఐదింటికి ప్రసంగాలు, చప్పట్ల మధ్య బొమ్మ పదవీ విరమణ చేసింది. బాబాయిగారిని సోమవారం యథావిధిగా డ్యూటీకి రమ్మన్నారు.