మా భవనంలో ఎవరూ లేరు

ప్రజాస్వామ్యం పౌరుడికి ప్రసాదించిన హక్కుల్లో గొప్పది ఓటు హక్కు అని పుస్తకాల్లో రాస్తారు. అది తప్పు. అంతకంటే గొప్పది, ఆ ఓటు ఉందో లేదో చూసుకునే హక్కు. ఓటు ఐదేళ్ళకొకసారి వేస్తాం. ఉందో లేదో మాత్రం రోజూ చూసుకోవచ్చు, ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు, ప్రతిసారీ వేరే సమాధానం పొందవచ్చు. (సమాధానాల విషయంలో ఇంత ధారాళం మరే శాఖలోనూ లేదు.)

ఈ హక్కును మా ఇంట్లో అందరికంటే పట్టుదలగా వాడుకున్నది మా వదిన. ఆవిడకు కారణం ఉంది. మా వార్డు సభ్యుడు కిందటి ఎన్నికల్లో మా వీధికి మురుగు కాలువ వేయిస్తానని చెప్పి గెలిచాడు. కాలువ రాలేదు గాని మురుగు వచ్చింది. గేటు ముందు ఆ మురుగులోనే జారిపడి వదిన కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన రోజున, "వచ్చే ఎన్నికల్లో నా ఓటుతోనే వాణ్ణి ఇంటికి పంపిస్తా, చూస్తూ ఉండండి" అని శపథం చేసింది. ఆయన పోయినసారి గెలిచింది వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని ఓట్లతో. అందుకని ఆ శపథాన్ని మా భవనంలో ఎవరూ నవ్వులాటగా తీసుకోలేదు.

ఎన్నికల తేదీ ప్రకటించగానే వదిన ఫోను పుచ్చుకుంది. ఓటర్ల జాబితా యాప్ ముందుగా ఆవిడ మనిషేనా అని అడిగింది. (మా అన్నయ్యకు ఇన్నేళ్ళలో అడిగే ధైర్యం రాని ప్రశ్న.) వంకర టింకర అక్షరాలు చదవమంది, సైకిళ్ళున్న బొమ్మలు ఏరమంది. అన్నీ అయ్యాక ఎంతో మర్యాదగా, "ఈ పేరుగల వ్యక్తి ఈ చిరునామాలో నివసించడం లేదు" అని చెప్పింది.

"ఏవిటీ, నేనిక్కడ ఉండటం లేదా?" అని వదిన వంటింట్లోంచి అరిచింది.

అన్నయ్య పేపరు మడిచి, లోపలికి తొంగిచూసి, "ఉన్నావే" అని ధ్రువీకరించాడు. అయితే ఆ ధ్రువీకరణ చెల్లదు. ఎందుకంటే కాసేపటికి తెలిసింది, అన్నయ్య కూడా లేడు. నేనూ లేను. కింద వాటా పెద్దాయన లేడు. ఎదురు వాటా టైలరు, ఆయన భార్య, కుట్టుమిషను చప్పుడుతో సహా ఎవరూ లేరు.

మర్నాడు వదిన, అన్నయ్య, నేను నివాస నిర్ధారణ విభాగానికి వెళ్ళాం. అక్కడ లేనివాళ్ళ వ్యవహారాలు చూసే ఉపాధికారి ఒకాయన ఉన్నాడు. వదిన ఆయన బల్ల ముందు నిలబడి, "మేం ముగ్గురం మీ ఎదురుగానే ఉన్నాం కదండీ, లేమని ఎలా రాస్తారు?" అని అడిగింది.

"నా ఎదురుగా ఉంటే లాభం లేదమ్మా, చిరునామాలో ఉండాలి. ఇప్పుడు మీరు ఆఫీసులో ఉన్నారు. అంటే ఇంట్లో లేనట్టేగా?" అన్నాడాయన తల ఎత్తకుండా.

"అసలు మేం లేమని మీకు చెప్పిందెవరు?"

"మీవాళ్ళే." ఆయన ఫైలు తిప్పాడు. "మా సర్వే అతను గడపగడపకీ తిరిగాడమ్మా. మీ గురించి కింద వాటా పెద్దాయన్ని అడిగితే, ఖాళీ చేసి వెళ్ళిపోయారన్నాడు. ఆయన గురించి మిమ్మల్ని అడిగితే మీరూ అదే అన్నారు. టైలరు గురించి కూడా మీరే చెప్పారు, పాపం, వివరంగా."

ఇక్కడ మా భవనం కట్టుబాటు గురించి చెప్పాలి. మెడలో కార్డు, భుజాన సంచి వేసుకుని "ఫలానావారు ఉంటున్నారా అండీ?" అని వచ్చేవాడు మాకు తెలిసి నీళ్ళ ఫిల్టరు అమ్మేవాడో, బీమా అంటగట్టేవాడో అయి ఉంటాడు. కాబట్టి పక్కవాళ్ళ గురించి ఎవరడిగినా ఖాళీ చేసి వెళ్ళిపోయారనే చెప్తాం. అది ఇరుగుపొరుగు ధర్మం. మరి నిజంగానే ఖాళీగా, తాళం వేసి ఉన్న వాటాల గురించి అడిగితే? "ఉన్నారు, ఇప్పుడే అలా బయటికెళ్ళారు" అనాలి. దొంగల భయం ఉంది కదా. ఆ రెండో భాగం మా వాచ్‌మన్ చూసుకుంటాడు, బాగా చూసుకుంటాడు.

ఫలితంగా కాపురాలు చేస్తున్న మేమంతా గల్లంతయ్యాం. ఏళ్ళ కిందట ఖాళీ చేసి వెళ్ళిన పై రెండు వాటాలవాళ్ళు మాత్రం జాబితాలో నిక్షేపంగా ఉన్నారు.

"మరిప్పుడేం చెయ్యాలి?" అంది వదిన.

"చాలా సులువమ్మా. అదే భవనంలో ఓటున్న ఒకరొచ్చి, మీరక్కడ ఉంటున్నారని సంతకం పెడితే చాలు. పై వాటాలవాళ్ళని అడగండి. పక్కపక్కన ఉంటూ ఆమాత్రం సాయం చెయ్యరా?"

"వాళ్ళు ఖాళీ చేసి ఏళ్ళయిందండీ బాబూ!"

ఉపాధికారి మొదటిసారి తల ఎత్తి, ఎంతో సానుభూతితో చూశాడు. "మీరు అందరి గురించీ అదే మాట అంటారని ఫైల్లో ఉందమ్మా."

చివరికి దయతలచి, మరోసారి విచారణకు మనిషిని పంపిస్తానన్నాడు. ఆ రోజు వదిన భవనమంతటినీ గేటు దగ్గర నిలబెట్టింది. సర్వే అతను రాగానే అందరం ఒక్కసారిగా "ఉన్నాం, ఉన్నాం!" అన్నాం. అతను భయపడ్డాడు గాని కర్తవ్యం మరవలేదు. గేటు దగ్గర కనిపించినవారిని సందర్శకులుగా నమోదు చేయాలని నియమమట. ఒకసారి సందర్శకులని రాశాక నివాసులని రాయడానికి యాప్‌లో గడి లేదట. వదిన ఆ బాగవని కాలితోనే మెట్లన్నీ ఎక్కి, వెళ్ళి తన గుమ్మంలో నిలబడి, "ఇది నా ఇల్లయ్యా, ఇప్పుడు రాసుకో!" అంది. అతను బుద్ధిగా రాసుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేరు, గుమ్మంలో సందర్శకురాలు ఒకరున్నారు.

పోలింగు రోజున వదిన ఇస్త్రీ చీర కట్టుకుని, అందరికంటే ముందే వెళ్ళి వరసలో నిలబడింది. లోపల జాబితా మూడుసార్లు తిరగేసి, "పేరు లేదమ్మా, పక్కకి జరగండి" అన్నారు. బయటికొచ్చి గోడకు ఆనుకుని, "ఐదేళ్ళు కాచుకుని కూర్చున్నానయ్యా" అని ఏడ్చింది. వదిన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికెళ్ళి గట్టిగా అడిగితే, మా భవనం ఓట్లు అప్పటికే పడిపోయాయని, గొడవ అనవసరమని చెప్పారు. పై రెండు వాటాలవాళ్ళు వరస మొదలవకముందే, తెల్లారగానే వచ్చి వేసి వెళ్ళారట.

వార్డు సభ్యుడు మళ్ళీ గెలిచాడు. ఆ రెండు వాటాల ఓట్లు తీసేస్తే ఓడిపోయేవాడే. వార్డు మొత్తంలో ఓటున్న ప్రతి ఒక్కరూ ఓటేసిన ఏకైక భవనం మాదేనని లెక్కతేలింది. అందుకు ప్రశంసాపత్రం ఇవ్వడానికి ఆయనే స్వయంగా వచ్చాడు. గేటు ముందు మురుగు ఉన్నందున కారు దిగలేదు. అద్దం దించి, మురుగులో నిలబడ్డ మా వదిన చేతిలో ఆ పత్రం పెట్టి, మీలాంటివాళ్ళ వల్లే గెలిచానమ్మా అని చెప్పి వెళ్ళాడు.