నాలుగు వేల మంది చూసిన దగ్గు

తాడిపత్రి బండల పాలిష్ కార్మికుల ఊపిరితిత్తుల మీద పరిశోధనను ఇకమీదట ప్రజలకే అప్పగిస్తున్నట్లు జనశ్వాస పరిశోధన కేంద్రం ప్రకటించింది. డాక్టర్లు ఒంటరిగా పరిశోధించి విసిగిపోయారనీ, ఫేస్‌బుక్‌లో లక్షలాది మంది ఖాళీగా ఉన్నారనీ డైరెక్టర్ శశికుమార్ వివరించారు.

నిబంధన సులువు. కార్మికుడు అర నిమిషం దగ్గి వీడియో ఇవ్వాలి. ఎక్కువ స్పందన వచ్చిన పదిమందికి ఉచితంగా స్కానింగ్ తీస్తారు. జబ్బు ముదిరిన వాళ్లకు ముందు తీయాలనే పాతకాలపు అలవాటుకు ఆ విధంగా స్వస్తి పలికారు.

మద్దిలేటికి ఆ స్కానింగ్ కావాలి. ఇరవై రెండేళ్లు పాలిష్ మిషన్ దగ్గర నిలబడి బండదుమ్ము పీల్చాడు. మూడు నెలలుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. స్కానింగ్ చూడందే మందు రాయనని డాక్టరు తేల్చి చెప్పాడు. చేయించుకునే స్తోమత లేదు.

కేంద్రం తరఫున గౌతమి ఫోన్ పట్టుకుని వచ్చింది. వీధి మొత్తాన్ని మేల్కొలిపే ఆ దగ్గు, కెమెరా ముందు మాత్రం రాలేదు.

"దగ్గన్నా!"

"రాలేదు మేడం. సిగ్గుపడతాండాది."

"మూడు నెల్లు నన్ను నిద్ర పోనీకుండా సంపినావు, ఇప్పుడేం పుట్టె నీకు?" అంటూ భార్య హనుమంతమ్మ గుప్పెడు బండపొడి తెచ్చి మొహాన ఊదింది. దృశ్యం అద్భుతంగా పండింది.

కేంద్రం వాళ్లు వీడియోకు మంచి అలంకారం చేశారు. మద్దిలేటి మొహం చుట్టూ ఆకుపచ్చ తీగలు, కింద పేరు, వయసు, తేదీ. ఫేస్‌బుక్‌లో పెట్టిన ఏడు నిమిషాలకు పక్క మిషన్ వీరప్ప ఫోన్ తెరిచాడు. మొహం చుట్టూ ఆకులూ, కింద తేదీ ఉంటే మన వైపు దానికి ఒకటే అర్థం. వీడియో నొక్కి చూడాల్సిన పనేముంది? 'ఓం శాంతి' అని రాసి, చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

మిగతాది పద్ధతి ప్రకారం జరిగిపోయింది. కదిరి నుంచి 'తీరని లోటు' వచ్చింది. కొత్తచెరువు నుంచి 'మంచి మనిషి' వచ్చింది. ఒక కాంట్రాక్టరు మాత్రం వెనక కనిపించే బండ అడుగెంత అని అడిగాడు. మొత్తం నాలుగు వేల నూట పన్నెండు సంతాపాలు. అందులో మీదీ ఒకటి ఉండొచ్చు. గుర్తులేకపోయినా ఫర్వాలేదు, ఎవరికీ గుర్తుండదు. మద్దిలేటి జిల్లాలో మొదటి స్థానం గెలిచాడు.

స్కానింగ్ రోజు ఉతికిన చొక్కా తొడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని కేంద్రానికి వెళ్లాడు. కంప్యూటర్‌లో అతని పేరు మొదటనే ఉంది. ఎదురుగా 'మరణించారు' అనీ ఉంది.

"సార్, నేను బతికే ఉండా!"

శశికుమార్ జాలిగా చూశారు. "చూడప్పా, ఇది ప్రజల పరిశోధన. నాలుగు వేల నూట పన్నెండు మంది ఒకే మాట చెప్పినారు. కాదనేది నువ్వొక్కడివే. శాస్త్రంలో ఒక్కని మాట చెల్లదు."

"వాళ్లెవురూ నన్ను సూళ్లేదు సార్!"

"అందుకే వాళ్ల మాటలో పక్షపాతం లేదు."

మద్దిలేటి కంప్యూటర్‌లో సంతాపం పెట్టినవాళ్ల పేర్లు చదివి భార్య వైపు తిరిగాడు. "నువ్వు గూడా పెట్టినావేమే?"

"ఊరంతా పెడతాంటే, ఇంట్లోదాన్ని నేను పెట్టకుంటే ఏమనుకుంటారు?" అంది హనుమంతమ్మ.

'మద్దిలేటి బతికే ఉన్నాడు' అని గౌతమి పెట్టిన సవరణకు నాలుగు లైకులు వచ్చాయి. అతని స్కానింగ్ పదకొండో స్థానంలో ఉన్న పాలిష్ యూనిట్ యజమాని కొడుకుకు దక్కింది. కుర్రవాడు దగ్గును సహజంగా నటించాడని కేంద్రం మెచ్చుకుంది.

నెల తిరక్కుండా కేంద్రానికి ఉత్తమ ప్రజా భాగస్వామ్య అవార్డు వచ్చింది. మరోసారి బతిమాలుకుందామని మద్దిలేటి సన్మాన సభకు వెళ్లి, హాలు చివర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఈ దగ్గు ఒక మనిషిది కాదు, సమాజానిది!" అని శశికుమార్ గర్జించారు. చప్పట్లు మోగాయి. దీపాలు ఆర్పి, పెద్ద తెర మీద వీడియో వేశారు. మొట్టమొదటిసారి అందరూ దాన్ని శబ్దంతో సహా చూస్తున్నారు. ముందు వరుసలో కొందరు కళ్లొత్తుకున్నారు.

సరిగ్గా అప్పుడే హాలు చివర అసలు దగ్గు మొదలైంది. మద్దిలేటి కడుపు పట్టుకుని, వంగిపోయి, గోడ పట్టు దొరక్క నేల మీద కూలబడ్డాడు.

వరుసలకు వరుసలు వెనక్కి తిరిగాయి. చీకట్లోంచి ఒక గొంతు విసుక్కుంది:

"ఎవురప్పా ఆడ గలాటా? పాపం, సచ్చిపోయినాయన దగ్గుతాండాడు, ఇననీ!"