ఆదివారం నిశ్చితం

పక్కింటివాళ్ళు మనిషిని బతకనివ్వరు. వేంకటేశ్వర్లు మాస్టారి విషయంలో ఇది రుజువైపోయింది.

భార్య పోయాక మచిలీపట్నంలో ఒంటరిగా ఉంటున్న ఆ లెక్కల మాస్టారు ఒక శనివారం ఉదయం వసారాలో నిలబడి, తన అలవాటు ప్రకారం ఫోన్లో అరిచారు. "సత్యవాణీ! ఇన్నాళ్ళూ అనిశ్చితంతోనే సరిపోయింది. రేపు పదింటికి మా ఇంట్లో నిశ్చితం పెట్టుకుందాం. ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదు."

సత్యవాణి కృత్తివెన్ను సహకార సొసైటీలో గుమాస్తా. మాస్టారి దగ్గర లెక్కలు చెప్పించుకుంటోంది. డిగ్రీలో లెక్కల పేపరొక్కటే మిగిలింది. సోమవారం పరీక్షే ఆఖరి అవకాశం. తప్పితే డిగ్రీ లేదు, ప్రమోషన్ లేదు. ఇంటిగ్రేషన్ లెక్కల్లో అనిశ్చిత సమాకలనాలు వచ్చేశాయి. నిశ్చిత సమాకలనాలు రావాలి.

ఆ అరుపు విన్న పక్కింటి సుభాషిణికి సమాకలనాలు తెలియవు. నిశ్చితార్థాలు తెలుసు. మధ్యాహ్నానికి కబురు వీధంతా పాకింది. సాయంత్రానికి గుడివాడలో ఉన్న మాస్టారి బావమరిది హరిబాబుకు చేరింది.

ఆదివారం సత్యవాణి పుస్తకం తెరిచేసరికి సుభాషిణి పళ్ళెంతో వచ్చింది. వెనక వీధి జనం. గుమ్మంలో సన్నాయి.

"డజను బందరు లడ్డూలు తెచ్చానండీ. ఈ వయసులో తోడుండాలి మాస్టారూ, సిగ్గెందుకు?"

మాస్టారు నోరు తెరిచేలోపు హరిబాబు దిగాడు. నలభై దాటినా పెళ్ళి కానివాడు.

"మా అక్క పోయి రెండేళ్ళు కాలేదు. అప్పుడే తాంబూలాలు పుచ్చుకుంటారా బావా?"

"తాంబూలాలేంట్రా! ఇది సమాకలనం! కూర్చో. అందరూ కూర్చోండి. ఆ సన్నాయి ఆపండి!"

బోర్డు మీద 3x²+2x రాసి, దిగువ అవధి ఒకటి, ఎగువ అవధి రెండు వేశారు. సత్యవాణి x³+x² దాకా చకచకా వచ్చింది. x బదులు రెండు వేసి "పన్నెండు" అని ఆగిపోయింది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది.

"కింది అవధి ఏమైంది? మింగేశావా?"

హరిబాబు పళ్ళెం చూస్తున్నాడు. "డజనన్నారు, పదే ఉన్నాయేంటండీ?"

సుభాషిణి మూతి తుడుచుకుంది. "మరి... బాగున్నాయో లేదో చూడొద్దూ?"

"ముందే అయిపోయినదాన్ని తీసెయ్యాలి మాస్టారూ!" సత్యవాణి లేచి నిలబడింది. "ఒకటి వేస్తే రెండు. పన్నెండులో రెండు పోతే పది!"

జనం చప్పట్లు కొట్టారు. సన్నాయి మళ్ళీ మొదలైంది.

సోమవారం ఆమెను హరిబాబే బండి మీద పరీక్షకు దింపాడు. ఆమె ప్యాసయింది. ఫలితాలు వచ్చిన వారమే ఇద్దరూ మాస్టారి ముందుకొచ్చి నిలబడ్డారు.

"మా తాంబూలాలు మీ ఇంట్లోనే బావా," అన్నాడు, ఆపడానికి వచ్చినవాడు.

"నేను ఆ రోజే చెప్పలా? మనిషొక్కడే మారాడు!" అంది సుభాషిణి గోడ అవతల నుంచి.

మాస్టారు కిటికీ మూశారు. నిశ్చితం అన్న మాట ఇక జన్మలో ఫోన్లో అరవనన్నారు. అదీ మెల్లగానే అన్నారు.