కంప్యూటర్ తాతకు సన్మానం

ఆ రోజు స్నేహలత వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఏడింటికి పటాన్‌చెరులో ఇల్లు కదలాలి. కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీలో ఉండే చిన్నరాములు దగ్గర ఒక పాత యంత్రం తీసుకోవాలి. తొమ్మిదిన్నరకల్లా సంగారెడ్డిలో తాను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీకి దాన్ని చేర్చాలి. సాయంత్రం తిరిగి ఇచ్చేసి, వస్తూ వస్తూ కూరగాయలు కొనుక్కోవాలి. అంతే.

కాలేజీలో పదకొండింటికి ప్రదర్శన. కంప్యూటర్ చరిత్రంతా ఒకే వరుస బల్లల మీద పెట్టాలన్న ఆలోచన ఆమెదే. మొదటి బల్ల మీద పిల్లలు తయారుచేసిన పూసల చట్రం, చివరి బల్ల మీద ఇళ్లలోకి మొదట్లో వచ్చిన బొజ్జ టీవీ లాంటి కంప్యూటర్. మధ్యలో పాత కంప్యూటర్లకు లెక్కలు అందించే, ఒక రిటైర్డ్ గుమాస్తా దాచుకున్న చిల్లుల కార్డులు, రేడియోలు బాగుచేసే దుకాణంలో దొరికిన గాజు వాల్వులు. పూసలకూ కార్డులకూ మధ్య బల్ల మాత్రం మూడు వారాలుగా ఖాళీ. అక్కడ పళ్లచక్రాలతో లెక్కలు చేసే యంత్రం ఉండాలి. క్లాసులో దాని గురించి చెప్పేటప్పుడల్లా స్నేహలత "కంప్యూటర్ తాత" అనేది. పిల్లలకూ ఆ పేరే అలవాటైపోయింది.

ఆమెది ఏటేటా పొడిగించే ఉద్యోగం. కందిలోని పెద్ద విద్యాసంస్థ నుంచి ప్రొఫెసర్ అరుణాదేవి ముఖ్య అతిథిగా వస్తున్నారు. ఆవిడ మెచ్చుకుంటే స్నేహలతను పర్మనెంట్ చేస్తానని కాలేజీకి యజమానీ ప్రిన్సిపాలూ అయిన పాండురంగం మాట ఇచ్చాడు. కాబట్టి ఆ ఖాళీ బల్ల ఆమెకు నిద్రలో కూడా కనబడుతోంది.

చిన్నరాములుకు డెబ్బై ఏళ్లుంటాయి. పటాన్‌చెరులో ఒక పంపుల ఫ్యాక్టరీ ఆఫీసు ఊడ్చి తుడిచేవాడు. ఇరవై ఏళ్ల కింద ఫ్యాక్టరీ మూతపడ్డనాడు పాత ఇనుములోకి పోబోతున్న ఈ స్వీడన్ లెక్కల యంత్రాన్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. స్నేహలత ఆటో దిగేసరికి గోనెసంచిలో దాన్ని కట్టి, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, తెల్ల ధోవతితో తయారుగా నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకు కాకా, అంత దూరం? పొద్దుమీకి నేనే తెచ్చిస్త గద," అంది స్నేహలత.

"అది ఒక్కతే ఎన్నడు ఎటు పోలే బిడ్డా. కొత్త జాగల బుగులు వడ్తది," అని చిన్నరాములు సంచిని ఒళ్లో పెట్టుకొని ఆటోలో కూర్చున్నాడు.

ఇస్నాపూర్ దగ్గర లారీల మధ్య ఆటో ఇరుక్కుంది. డ్రైవర్ మల్లేష్ ఇంజన్ ఆపేసి బీడీ వెలిగించాడు. అప్పుడే పాండురంగం నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, తాత దొరికిండు!" అంది స్నేహలత సంబరంగా.

"ఏ తాత మేడం?"

"కంప్యూటర్ తాత సార్! మొన్న చెప్పిన గద." మొన్న ఆమె చెబుతున్నప్పుడు పాండురంగం ఇంకెవరితోనో ఫోన్లో ఉన్న సంగతి ఆమె మరిచిపోయింది.

"ఇంక ఉన్నడా?"

"మంచిగున్నడు సార్. డెబ్బై ఏండ్లు దాటినా ఒక్క లెక్క తప్పడు. పుట్టింది స్వీడన్‌ల. ఇరవై ఏండ్ల సంది మనకాడనే ఉన్నడు."

పక్క లారీ హారన్ మోగింది. అది ఆగాక పాండురంగం గొంతు వినబడింది.

"నడుస్తడా మేడం?"

"నడుస్తడు సార్. కని చేత్తోని తిప్పాలె."

"అయ్యో. ఇంకేమన్న తకలీఫ్‌లున్నయా?"

"ఒక పన్ను విరిగితే కొత్తది పెట్టిన్రు. జెర నూనె పెడితే చాలు, దినమంత పనిచేస్తడు."

"మరి ఎక్కడ కూసోవెడదం?"

"టేబుల్ మీద సార్. అందరికి కనవడాలె గద."

"టేబుల్ మీదనా?" అని పాండురంగం అంటుండగానే సిగ్నల్ పోయింది.

తరువాతి రెండు గంటలూ స్నేహలత లారీల మధ్యే ఉంది, ఫోన్ మళ్లీ కలవలేదు. పాండురంగం మాత్రం ఒక్క నిమిషం ఊరుకోలేదు. కంప్యూటర్ కనిపెట్టిన మహానుభావుడు సంగారెడ్డికి వస్తున్నాడని కాలేజీ గ్రూపులో పెట్టాడు. ఆ ముక్క పక్క కాలేజీకి, అక్కడి నుంచి కోర్టు క్యాంటీన్‌కు, అక్కడి నుంచి లోకల్ కేబుల్ చానల్‌కు పాకింది. చేత్తో తిప్పాలన్నారు కదా అని ఒక ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీ అడిగి తెప్పించాడు. పన్ను పోయిందన్నారు కదా అని మెత్తగా పెరుగన్నం కలపమన్నాడు. నూనె పెట్టాలన్నారు కదా అని మాలిష్ చేసే ఎల్లయ్యకు కబురంపాడు. స్టేజీ మీద రెండు బల్లలు జోడించి, వాటి మీద సింహాసనం లాంటి పెళ్లి కుర్చీ వేయించాడు.

పదకొండింటికి ఐదు నిమిషాలుందనగా ఆటో కాలేజీ సందులోకి తిరిగింది. బ్యాండు మోగింది. గేటు మీద స్నేహలతకు ఫ్లెక్సీ కనబడింది. "స్వీడన్ ముద్దుబిడ్డ, కంప్యూటర్ పితామహులకు ఘన స్వాగతం". ఫోన్లో తానన్న ఒక్కో మాటా ఆమెకు గుర్తొచ్చింది.

"ఇయ్యాల ఎవరిదో పెండ్లున్నట్టున్నది," అన్నాడు చిన్నరాములు.

మరో మాట అనే వ్యవధి దొరకలేదు. పదిమంది చేతులు ఆయన్ను ఆటోలోంచి ఎత్తి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో గజమాల వేశాయి. సంచి స్నేహలత ఒళ్లో పడింది.

"నాకు కాళ్లున్నయి! నడుస్త!" అని చిన్నరాములు మొత్తుకున్నాడు.

"తెలుగు ఎంత మంచిగ మాట్లాడుతున్నడో సూడు," అన్నాడు గుంపులో ఒకడు.

"మరి స్వీడన్ల గూడ మనసొంటోల్లే ఉంటరా?"

"ఇరవై ఏండ్లు మనకాడుంటే ఎవడైన మనోడే అయితడు."

పదిహేను కిలోల సంచి మోసుకుంటూ స్నేహలత స్టేజీ చేరేసరికి చిన్నరాములు బల్లల మీది కుర్చీలో రెండు చేతులూ బిగించి పట్టుకొని ఉన్నాడు. పక్కన ఎల్లయ్య నువ్వుల నూనె గిన్నెతో నిలబడ్డాడు. ముందు వరుసలో ప్రొఫెసర్ అరుణాదేవి కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ పెట్టుకొని చూస్తున్నారు. స్నేహలత పాండురంగం చెవిలో అసలు సంగతి చెప్పింది.

పాండురంగం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మిషిన్‌కు పండ్లేంది మేడం? మిషిన్‌ను ఎవరన్న తాత అంటరా? కేబులోల్లు లైవ్ ఇస్తున్రు! రేపటి సంది మీరు రావద్దు."

ఈలోగా కేబుల్ చానల్ మనిషి మైకు తీసుకెళ్లి చిన్నరాములు నోటి ముందు పెట్టాడు.

చిన్నరాములు మైకు వైపు వంగాడు. "నేను కంప్యూటర్ కనిపెట్టలే సార్. పంపుల కంపెనీల ఊడ్సెటోన్ని," అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. స్నేహలతకు భూమి చీలితే బాగుండుననిపించింది.

ఆయన మాత్రం నవ్వు తగ్గేదాకా ఓపిగ్గా ఆగాడు. "కనిపెట్టినోడు ఎవడో నాకు ఎర్కలేదు. కని ఆయన బుర్ర ఎట్ల పనిచేసిందో సంచిల ఉన్నది. సూస్తరా? ముందు నన్ను జెర కిందికి దింపున్రి."

దింపారు. సంచి విప్పి, మెడలోని దండ తీసి పక్కన పెట్టి, ఆయన యంత్రం రేకు ఊడదీశాడు. ఎల్లయ్య ఆశగా గిన్నె చాచాడు. "నువ్వుల నూనె వద్దన్నా, జిగటైతది. కుట్టుమిషిన్ నూనె పొద్దుగాలనే పోసిన," అన్నాడు చిన్నరాములు. పూజ అనే విద్యార్థిని తన ఫోన్ కెమెరాను యంత్రం మీద పెట్టి వెనక తెర మీదికి కలిపింది. తెర నిండా ఇత్తడి చక్రాలు మెరిశాయి. హాలులో గుసగుసలు తగ్గాయి.

ఆయన చిన్న మీటలన్నిటినీ తొమ్మిది మీదికి జరిపి, పిడి ఒకసారి తిప్పాడు. కిటికీల్లో ఎనిమిది తొమ్మిదులు వచ్చి నిలబడ్డాయి.

"ఇప్పుడు దీనికి ఒక్కటంటే ఒక్కటి కలుపుతున్న. మనం రాసేటప్పుడు చేతిల ఒకటి అంటం గద. దీనికి చెయ్యేడున్నదో సూడున్రి," అని మీటలన్నిటినీ సున్నాకు తెచ్చి, కుడి చివరిదాన్ని మాత్రం ఒకటి మీద పెట్టి, పిడిని చాలా నెమ్మదిగా తిప్పాడు.

కుడివైపు చివరి తొమ్మిది కదిలి సున్నా అయింది. అవుతూ అవుతూ ఒక చిన్న ఇత్తడి పన్నుతో పక్కచక్రాన్ని తట్టింది. అదీ సున్నా అయి, తన పక్కదాన్ని తట్టింది. టక్. టక్. టక్. ఒకదాని వెనక ఒకటిగా తొమ్మిదులన్నీ ఒరిగిపోతూ, తమ చేతిలోని ఒకటిని పక్కవాడికి అందించుకుంటూ ఎడమకు సాగాయి. చివరి టక్ తరువాత, ఎనిమిది సున్నాలకు ముందు ఒక ఒకటి నిలబడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరికీ ఆ ధ్యాస లేదు. స్నేహలత పదకొండేళ్లుగా ఈ పాఠం చెబుతోంది. చేతిలో ఒకటి అనే మాటను ఒకటో తరగతి నుంచీ పలుకుతోంది. ఆ ఒకటిని కళ్లతో చూడటం మాత్రం ఇదే మొదలు. ఎప్పుడో, ఎవరో, కరెంటు కూడా లేకుండా, మనిషి తలలో జరిగే పనిని ఒక చక్రం పంటికి నేర్పారు.

ప్రొఫెసర్ అరుణాదేవి ఎప్పుడు స్టేజీ ఎక్కారో ఎవరూ గమనించలేదు. పట్టుచీరతోనే మోకాళ్ల మీద కూర్చొని యంత్రంలోకి తొంగిచూస్తున్నారు. "మళ్లీ తిప్పండి," అన్నారు. మళ్లీ తిప్పాడు. "నేనొకసారి తిప్పొచ్చా?" అన్నారు. తిప్పుతూ ఒక్కో టక్‌నూ లెక్కపెట్టారు. తరువాత మైకు అందుకొని పిల్లల వైపు తిరిగారు.

"మీ జేబుల్లో ఉన్న ఫోన్లు గూడ లోపల ఇదే పని చేస్తయి, సెకనుకు కొన్ని కోట్లసార్లు. కాకపోతే మనల్ని చూడనియ్యవు." ఒక చక్రం మీద వేలు పెట్టి, "ఈ ఒక్క పన్ను రంగు వేరే ఉన్నదేంది?" అని అడిగారు.

"అది విరిగిందమ్మా. పంపు ఇత్తడి ముక్క ఆకురాయితోని అరగదీసి నేనే పెట్టిన. కుదిరేదాన్క ఎనిమిది నెలలు వట్టింది."

"ఎవరు నేర్పిన్రు?"

"పక్కనున్న పన్నే నేర్పిందమ్మా. దాన్నే సూసుకుంట అరగదీసిన."

అప్పుడు మోగాయి చప్పట్లు. ఈసారి స్వీడన్‌తో వాటికి సంబంధం లేదు. అరుణాదేవి అక్కడికక్కడే చిన్నరాములును తమ విద్యార్థులకు పాఠం చెప్పడానికి రమ్మని పిలిచారు. పాండురంగం ఒక్క అంగలో మైకు అందుకొని, ఇలాంటి మట్టిలో మాణిక్యాన్ని వెతికి తెమ్మని తానే స్నేహలతను పంపినట్టు సభకు మనవి చేశాడు. ఆనక ఆమె వైపు వంగి, "మేడం, రేపు జల్దీ రాండ్రి. మీ పర్మనెంట్ కాయిదం టైప్ చేయిద్దం," అన్నాడు.

ఆహ్వానం పంపడానికి ప్రొఫెసర్ గారి సహాయకుడు ఈమెయిల్ అడ్రసు అడిగితే, తాను ఇంతవరకు కంప్యూటర్‌ను ముట్టుకోలేదని చిన్నరాములు వినయంగా మనవి చేసుకున్నాడు.