గిర్రకు పూనకం

ఆ శుక్రవారం పొద్దున ఉపేందర్‌రావు వేసుకున్న లెక్కలో తప్పేమీ లేదు. తొమ్మిదింటికి మిషను నడిపి చూసుకోవాలి. పదకొండింటికి హైదరాబాదు నుంచి కొండల్ సారు వస్తాడు. ఆయన కళ్లముందు ఒక పంపు షాఫ్టు, అంటే పంపు లోపల తిరిగే ఇనుప ఇరుసు, తయారుచేసి చూపించాలి. ఒంటిగంటకు ఆయన్ని ఇంటికి తీసుకుపోయి గారెలు పెట్టాలి. వీటిలో అనుకున్న వేళకు అయినవి గారెలు మాత్రమే. పాపం, అవీ చల్లారిపోయాయి.

షాఫ్టు నచ్చితే కొండల్ సారు కంపెనీ పంపుల పని మొత్తం ఈ షెడ్డుకే వస్తుంది. నచ్చకపోతే షెడ్డుకు తాళం. తాళం పడిందంటే ఉపేందర్‌రావు చొప్పదండి పోయి, మామగారు శ్యాంసుందర్‌రావు ఎరువుల దుకాణంలో కూర్చోవాలి. కూర్చోవడానికి స్టూలు కూడా సిద్ధంగా ఉంది. పెళ్లయిన నాటి నుంచీ మామగారు ఆ స్టూలును అల్లుడి కోసమే ఉంచాడు, దాని మీద పిల్లిని కూడా కూర్చోనివ్వడు. యూరియా వాసన తలచుకుంటేనే ఉపేందర్‌రావు ముక్కు మూసుకునేవాడు.

తొంభై ఆరో సంవత్సరం అది. కరీంనగర్‌లో కంప్యూటరుతో నడిచే లేతు ఉందంటే నవ్వేవాళ్లే ఎక్కువ. ఉపేందర్‌రావు కొత్తది కొనలేదు, పంజాబు బటాలాలో చేసిన తన పాత లేతుకే మోటార్లు, కంప్యూటరు డబ్బా బిగించాడు. ఇనుప కడ్డీని అదే తిప్పుతుంది, అదే చెక్కుతుంది. ఒక్కటే లోటు. చెక్కే పనిముట్టు మారాల్సినప్పుడల్లా మిషను ఆగి, లేతు పనివాడు టర్నరు బాలమల్లు పానా పట్టుకుని రావాలి. బాలమల్లు బీడీ కాల్చడానికి పోయాడంటే కంప్యూటరు కూడా ఆయన కోసం ఎదురుచూడాల్సిందే!

ఆ బాధ తీరాలని ఉపేందర్‌రావు హైదరాబాదులోని బాలానగర్ నుంచి ఒక పాత టరెట్టు తెప్పించి, నెలరోజులు దానితో కుస్తీ పట్టి లేతుకు బిగించాడు. ఎనిమిది ముఖాల ఇనుప దిమ్మ అది. ముఖానికొక పనిముట్టు. కంప్యూటరు అడిగిన ముఖం ముందుకు వచ్చేదాకా తనంతట తానే తిరుగుతుంది, రాగానే టక్కున ఆగుతుంది. ఏ ముఖం వచ్చిందో కనిపెట్టడానికి పక్కనే పెసరగింజంత గాజు కన్ను ఉంది. ఆ కన్ను చూసి చెబితేనే ఆగడం, లేకపోతే తిరగడమే. షెడ్డులో అందరూ దాన్ని గిర్ర అన్నారు.

గురువారం సాయంత్రం గిర్ర ముచ్చటగా తిరిగింది, ముచ్చటగా ఆగింది. ఉపేందర్‌రావు సంతోషం పట్టలేక ఎస్టీడీ బూతుకు పోయి మామగారికి ఫోను చేశాడు. మనిషికి సంతోషం వస్తే ఊరుకోవాలి గానీ, మామగారికి ఫోను చేయొచ్చునా?

"మామా, ఇగ మనిషి చెయ్యే అక్కర లేదు. బటన్ ఒత్తినమా, చాయ్ తాగినమా, షాఫ్టు తయారు. రేపు వచ్చి సూడుండ్రి."

"గట్లనా అల్లుడా? మనిషే అక్కర లేకుంటె మరి నువ్వెందుకు గాడ? ఇగ చొప్పదండికి రా," అన్నాడు మామగారు. అని ఊరుకోలేదు, తెల్లారి మొదటి బస్సుకే దిగాడు.

అప్పటికి షెడ్డులో పూజ నడుస్తోంది. కొత్త నాగలైనా కొత్త సైకిలైనా పసుపు కుంకుమ పడనిదే కదలనివ్వని ఇల్లు ఉపేందర్‌రావు భార్య జానకీబాయిది. భర్త మొదటే హెచ్చరించాడు.

"వైర్లు ముట్టకు. డబ్బ దగ్గరికి పోకు. నీళ్లు అస్సలే వద్దు."

"నేనేం చిన్నపిల్లనా? మీ వైర్ల దిక్కు సూడను గూడ సూడ," అంది జానకీబాయి. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. వైర్ల జోలికి పోలేదు. ఎనిమిది ముఖాలకూ ఎనిమిది బొట్లు పెట్టింది, మెడలో బంతిపూల దండ వేసింది, దండకొక నిమ్మకాయ కట్టింది. సాయానికి కనకవ్వ ఉంది. కనకవ్వ షెడ్డు ఊడ్చే మనిషి. ఎల్లమ్మ పండుగనాడు అమ్మ పూనేది కూడా ఆమెకే. కనుక ఈ విషయాల్లో ఆమె మాటకు తిరుగులేదు.

"దొరసానీ, మొకాలకన్నిటికి పెట్టినవ్ గని గీ కన్ను బోసిపోయింది సూడు. దిష్టి తాకేదే కండ్లకు. గింత పసుపు పుయ్యి దానికి," అంది కనకవ్వ.

నిజమే కదా అనిపించింది జానకీబాయికి. గాజు కన్ను మీద దిట్టంగా పసుపు మెత్తి, మీద రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టింది. ఎనిమిది బొట్ల పక్కన తొమ్మిదో బొట్టు ఎవరి కంటికి ఆనుతుంది? పైగా ఎంత అందంగా ఉందనుకున్నారు!

కొబ్బరికాయ బయట రాయి మీద కొట్టారు. అది కొట్టినవాడు దేవదాస్, బాలమల్లు దగ్గర పనిచేసే రెండో టర్నరు. ఉపేందర్‌రావు మామగారి వైపు ఒకసారి చూసి, పచ్చ బటన్ ఒత్తాడు.

గిర్ర తిరిగింది. మొదటి ముఖం వచ్చింది, పోయింది. రెండోది వచ్చింది, పోయింది. ఎనిమిదీ వచ్చాయి, ఎనిమిదీ పోయాయి, మళ్లీ మొదటిది వచ్చింది.

"సారూ, ఆగుతలేదు," అన్నాడు బాలమల్లు.

"ఆగుతది, ఆగుతది," అన్నాడు ఉపేందర్‌రావు.

ఆగలేదు. దండ తెగి బంతి రేకులు షెడ్డంతా చిమ్మాయి. నిమ్మకాయ ఊడి వచ్చి సూటిగా శ్యాంసుందర్‌రావు కళ్లజోడుకు తగిలింది. ఆయన "ఓరి నాయనో" అని నూనె డబ్బా మీద కూలబడ్డాడు. ఉపేందర్‌రావు ఎర్ర బటన్ ఒత్తితే ఆగింది. పచ్చది ఒత్తితే మళ్లీ అదే తిరుగుడు. పసుపు కుంకుమలతో, పూలు చల్లుకుంటూ, డప్పు మీద దెబ్బలాగా టక్ టక్ టక్ టక్ అని! కనకవ్వ చేతిలో చీపురు జారిపోయింది. ఒళ్లంతా జలదరించింది ఆమెకు.

"అమ్మొచ్చింది! మిషను మీదికి అమ్మొచ్చింది!" అని ఒక్క కేక పెట్టి జుట్టు విరబోసుకుంది.

జానకీబాయి నిలువునా కొయ్యబారిపోయింది. పూజ చేసింది తను. ఏం తప్పు జరిగిందో, ఏ మొక్కు మరిచిపోయిందో! తన చేతి మీదుగా మొగుడి షెడ్డు మూతపడితే ఇక ముఖం ఎట్లా ఎత్తుకోవాలి? ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కనకవ్వా, గమ్మునుండు! వైరు ఎక్కడ్నో తెగింది, గంతే," అంటూ ఉపేందర్‌రావు డబ్బా విప్పాడు. చదువుకున్నవాడు కనుక ఆయన అనుమానం వైర్ల మీదికే పోయింది. ఒక్కో వైరూ లాగి చూశాడు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. బిగించి బటన్ ఒత్తేవాడు, గిర్ర పూనకంతో ఊగేది, కనకవ్వ దానితో పాటే ఊగేది.

"దేవదాస్, ఉరుకు! బాలానగర్ వాళ్లకు ఫోన్ చేసి అడుగు, ఎందుకాగుతలేదో."

షెడ్డుకు ఫోను లేదు. రోడ్డు మీది ఎస్టీడీ బూతుకు పరుగెత్తాడు దేవదాస్. అవతల లైను సరిగా లేదు. దానికి తోడు దేవదాస్ గొంతు మామూలుగానే నాలుగు వీధులకు వినిపిస్తుంది.

"ఆగుతలేదు సారూ! పొద్దటి సంది గుండ్రంగ తిరుగుతనే ఉన్నది! మా జానకమ్మ బొట్టు పెట్టినంక షురువైంది! అమ్మొచ్చిందని కనకవ్వ అంటున్నది!... ఏందీ? రేపొస్తరా? రేపటిదాక ఎట్ల వట్టుకోవాలె?"

తిరుగుతున్నది మిషను అని వాడు ఒక్కసారైనా చెప్పాడా? చెప్పలేదు. బూతు ముందు వరసలో ఉన్నవాళ్లంతా ఫోన్లు మానేసి షెడ్డు వైపు కదిలారు. ఉపేందర్‌రావు ఇంట్లో ఎవరికో పూనకం వచ్చి పట్టుకోలేకపోతున్నారని పక్కనున్న రైసుమిల్లు హమాలీలకు తెలిసింది. మిషను దగ్గర ఎవరినో పట్టుకోలేకపోతున్నారని మరమగ్గాల షెడ్డుకు తెలిసింది. చౌరస్తాకు చేరేసరికి, మిషను ఎవరినో పట్టుకుని విడవడం లేదని తేలింది.

సరిగ్గా ఆ చౌరస్తాలోనే కొండల్ సారు జీపు ఆపి దారి అడిగాడు.

"ఉపేందర్‌రావు షెడ్డా? అయ్యో సారూ, గాడ మిషను మనిషిని వట్టుకున్నదట, తిప్పి తిప్పి కొడుతున్నదట!"

కొండల్ సారు మంచి మనిషి. షాఫ్టు సంగతి మరిచిపోయి, ఎదురుగా కనిపించిన దవాఖానలోకి ఉరికి, ముత్యం అనే కంపౌండరును దూది, స్పిరిటు సీసాలతో సహా జీపులో వేసుకుని వచ్చాడు. వచ్చి చూస్తే షెడ్డు నిండా జనం. ఎవరో కోడిని తెచ్చారు. ఎవరో వేపకొమ్మలు తెచ్చారు. లోపల ఆడమనిషి కేకలు.

"జరగుండ్రి, జరగుండ్రి! చెయ్యి ఎవలిది పోయింది?" అని అరిచాడు కొండల్ సారు.

"చెయ్యి ఎవలిది పోలే సారూ," అన్నాడు బాలమల్లు వినయంగా. "గీ మిషనుకు చెయ్యే అక్కర లేదు."

ఆయనే కొండల్ సారని తెలిసేసరికి ఉపేందర్‌రావు గుండె జారిపోయింది. చేతిలో వైర్లు, నెత్తిన బంతిరేకులు. నూనె డబ్బా మీది నుంచి మామగారు పగిలిన కళ్లజోడులోంచి చూస్తున్నాడు. "స్టూలు తుడిచే వచ్చిన అల్లుడా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

"ఏంది ఉపేందర్‌రావ్ గారూ గీ లొల్లి? మిషను చూపిస్తనని పిలిచి జాతర చూపిస్తున్నరా? నేను పోతున్న," అన్నాడు కొండల్ సారు. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"సారూ, జర ఒక్క పావుగంట!" ఉపేందర్‌రావు రెండు చేతులూ జోడించాడు. ఆయన జీవితంలో ఎవరికీ అట్లా చేతులు జోడించలేదు. అది చూసి జానకీబాయికి ఏడుపు ఆగలేదు.

"కనకవ్వా, అమ్మకు ఏం కావాల్నో అడుగు. ఏది కావాల్నన్న ఇస్త," అంది.

"సల్ల చెయ్యుండ్రి! నా ఒళ్లు మండుతున్నది, నన్ను సల్ల చెయ్యుండ్రి!" అని ఊగింది కనకవ్వ.

నలుగురు బిందెలు ఎత్తారు. "నీళ్లు పోస్తె మిషను కాలిపోతది!" అని ఉపేందర్‌రావు అడ్డం పడుకున్నంత పని చేశాడు. నీళ్లు వద్దంటే అమ్మ చల్లబడేదెట్లా? జనం గుర్రుమన్నారు. అప్పుడు కంపౌండరు ముత్యం, కట్టు కట్టడానికి చెయ్యి ఎక్కడా దొరకక ఖాళీగా నిలబడ్డవాడు, సీసా ముందుకు చాపాడు.

"గీ స్పిరిటుతోని తుడువుండ్రి అమ్మా. జరమొచ్చినోళ్లకు నుదురు గిట్లనే తుడుస్తం. సల్లగుంటది, జల్దీ ఆరిపోతది."

స్పిరిటు అయితే ఉపేందర్‌రావుకు అభ్యంతరం లేదు. ఆయనకప్పుడు దేనికీ అభ్యంతరం లేదు. గిర్రను ఆపి, కరెంటు తీసేసి, తప్పుకున్నాడు. జానకీబాయి దూది తడిపి, జ్వరం వచ్చిన బిడ్డ ముఖం తుడిచినట్టు, ఒక్కో ముఖమూ తుడిచింది. ఎనిమిదీ అయ్యాక ఆ చిన్న కన్నును కూడా తుడిచింది. "తప్పైతె నాదే తల్లీ, ఆయనను ఏమనకు," అని మెల్లగా అంది.

కరెంటు వేసి బటన్ ఒత్తారు.

గిర్ర ఒక్క ముఖం తిరిగింది. టక్కున ఆగింది.

షెడ్డులో జనమంతా మెడలు చాచారు. కోడి సైతం మెడ చాచింది. కడ్డీ తిరిగింది, ఇనుప తురుము సురసురా రాలింది, గిర్ర మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది. అట్లా ముఖం తర్వాత ముఖం మార్చుకుంటూ, ఎవరి చెయ్యీ తగలకుండా, తళతళలాడే షాఫ్టును చెక్కి పెట్టింది. కనకవ్వ ఊగడం ఆపి, కొంగు సర్దుకుని, "ఏమైంది?" అని అడిగింది.

కొండల్ సారు మైక్రోమీటరు తీసి షాఫ్టును ఆ కొస నుంచి ఈ కొస దాకా కొలిచాడు. మళ్లీ కొలిచాడు. తర్వాత మెల్లగా బూట్లు విప్పాడు.

ఉపేందర్‌రావు అటు చూడటం లేదు. భార్య చేతిలోని దూది వైపు చూస్తున్నాడు. దూది నిండా పసుపు, కుంకుమ. కిందికి చూస్తే గాజు కన్ను నిగనిగలాడుతోంది. వైర్లన్నీ పీకి చూసిన మొనగాడికి అప్పుడు వెలిగింది. దిమ్మెరపోయాడు. పూనకమా, పాడా! కన్ను మూస్తే గిర్రకు ఏం కనబడుతుంది? నలుగురికీ వినబడేలా చెప్పేయాలని నోరు తెరిచాడు.

"గింతకు తప్పు యాడ జరిగింది అల్లుడా?" అని అప్పుడే అడిగాడు మామగారు.

జానకీబాయి ముఖం పాలిపోయింది. దూదిని గుప్పిట్లో దాచుకుని భర్త వైపు చూసింది. ఉపేందర్‌రావు నెత్తిన ఉన్న బంతిరేకు తీసి కళ్లకద్దుకుని అన్నాడు.

"తప్పేం లేదు మామా. అమ్మ దయ."

"మంచిది," అన్నాడు కొండల్ సారు గంభీరంగా. "పని మీకే. గని మా కంపెనీల ఒక పద్ధతున్నది. నమూనా ఎట్ల చేస్తె పాసయ్యిందో, ఎప్పటికీ గట్లనే చెయ్యాలె. గీ ఇంటామె చేతితోనే తుడువాలె, గీ సీసతోనే తుడువాలె, గీ మనుషులే ఉండాలె. ఒక్కటి తక్కువైనా షాఫ్టులు వాపస్."

పద్ధతి అంటే పద్ధతే. ఇప్పుడు ప్రతి శుక్రవారం దేవదాస్ కొబ్బరికాయ కొడతాడు, కనకవ్వ అమ్మను అడుగుతుంది, ముత్యం సీసా పట్టుకుంటాడు, జానకీబాయి తుడుస్తుంది, బాలమల్లు బటన్ ఒత్తుతాడు. చూడటానికి వచ్చే జనాన్ని వరసలో నిలబెట్టే పని శ్యాంసుందర్‌రావుది. ఎరువుల దుకాణం అమ్మేసి, ఆ స్టూలు తెచ్చి షెడ్డు గుమ్మంలో వేసుకున్నాడు. ఒంటికి యూరియా వాసన మాత్రం ఇంకా పోలేదు.

మనిషి చెయ్యి అక్కర లేని ఆ మిషను దగ్గర ప్రస్తుతం ఆరుగురు పనిచేస్తున్నారు.